బంద్ నాటి నీళ్లు

మా అత్తగారు అమ్మాజీకి ఎల్.బి.నగర్ మొత్తంలో నచ్చిన మనుషులు ఇద్దరే ఇద్దరు. ఒకరు పాలు పోసే ఆయన, ఎందుకంటే అసలు నోరు విప్పడు. రెండోవాడు నీళ్ల లైన్‌మన్ వెంకటనర్సయ్య, ఎందుకంటే ఆవిడ ఒకటంటే తను రెండంటాడు.

సకల జనుల సమ్మె అయిన మరుసటి వేసవి అది. వానలు సరిగా పడలేదు, సాగర్‌లో నీళ్లు అడుగంటాయని పేపర్లో రోజూ రాసేవారు. మాకు నాలుగు రోజులకోసారి గంటసేపు నీళ్లు. నర్సయ్య మా గల్లీ మొగలో బండి ఆపి, నేలలోని ఇనుప మూత ఎత్తి, మనిషెత్తు చావిని లోపలికి దించి వాల్వు తిప్పేవాడు. ఎన్ని చుట్లు తిప్పుతున్నాడో బయటికే లెక్కపెట్టేవాడు. మా అత్తగారు మజ్జిగ గ్లాసు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఆ లెక్క వినేది.

"ఎన్ని తిప్పావురా నర్సయ్యా?"

"తొమ్మిది తిప్పిన పెద్దమ్మా. ఆఫీసుల గన్నే తిప్పుమన్నరు."

"పోయిన నెల పన్నెండు తిప్పేవాడివిగా!"

"పోయిన నెల సాగర్ల నీళ్లుండె."

"ఇప్పుడే ఇలా ఉంటే, మీ తెలంగాణ వచ్చాక మా కుళాయికి అసలు తిప్పుతావా లేదా?"

నర్సయ్య మజ్జిగ గటగటా తాగి గ్లాసు తిరిగి ఇచ్చేవాడు. "తిప్పుత పెద్దమ్మా, ఎందుకు తిప్ప? గని గీ మజ్జిగల జర నీళ్లు తక్కువ పొయ్యి. ఇంత కరువుల గిన్ని నీళ్లు దీంట్లకు యాడికెల్లి ఒస్తున్నయి?"

ఆవిడ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకునేది. మళ్లీ వంతుకి మజ్జిగ ఇంకా పల్చగా కలిపేది, కావాలని.

మాది కృష్ణా జిల్లా. ఇరవై ఏళ్ల కిందట వనస్థలిపురం దాటకుండానే స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాం. మా కాలనీలో ముప్పావు వంతు మా వైపు వాళ్లే. కాలనీ కింద, వాలులో బస్తీ. అక్కడ నల్గొండ, పోచంపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లు. సాహెబ్‌నగర్ గుట్ట మీది రిజర్వాయర్ నుంచి వచ్చే ఒకే పైపు రెండుగా చీలి సగం మాకు, సగం వాళ్లకు. మామూలు రోజుల్లో రెండు వాల్వులూ తెరిచే ఉండేవి. ఆ వేసవిలో ఒకటి తెరిస్తే రెండోది మూయాల్సిందే, లేకపోతే ఎవరికీ ధార రాదు. ఎవరికి ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా అన్నది ఆఫీసు వాళ్లు కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం, ఆ చావి, రెండూ నర్సయ్య చేతిలో ఉండేవి.

పధ్నాలుగేళ్లుగా రోజు కూలీ మీదే చేస్తున్నాడు. ఆ వేసవిలోనే ఉద్యోగం పర్మినెంటు చేసే ఫైలు కదిలింది. ఒక్క మచ్చ లేకుండా ఈ ఎండాకాలం గడిస్తే చాలని ఇంజనీరు చెప్పాడట. ఆ మాట నర్సయ్య భార్య భూలక్ష్మి నాతో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

భూలక్ష్మి నాకు పదేళ్ల స్నేహితురాలు. చీరలు అమ్మడానికి మొదటిసారి మా మెట్లెక్కింది. చీర కొనలేదు గానీ మనిషి నచ్చింది. తను బస్తీలో ఇంట్లోనే కూర్చుని చిటికీ కట్టేది. అంటే నూలు పోగుల్ని జట్టు జట్టుగా పట్టి, రంగు అంటకూడని చోటల్లా దారంతో బిగించి ముడులు వేయడం. ఒక్క చీరకు వేల ముడులు. పోచంపల్లిలో మరిది మగ్గం మీద అవి చీరలయ్యేవి. ముడి వేసేటప్పుడు ఆవిడ వేళ్లు కంటికి ఆనేవి కావు. ఆ వేళ్లకి నేను దిష్టి పెడతానేమోనని మా అత్తగారు నవ్వుతూ మెటికలు విరిచేది.

అప్పట్లో మా మాటలన్నీ ఆచితూచి నడిచేవి. చౌరస్తాలో దీక్షా శిబిరం, గోడల మీద నీళ్లు, నిధులు, నియామకాలు అని పెద్ద అక్షరాలు. అన్నిట్లో మొదట రాసింది నీళ్లే. కూరగాయల బండి దగ్గర నేను 'ఏంటి' అంటే పక్కావిడ ఒక్క క్షణం నా వంక చూసేది, తను 'ఏంది' అంటే నేనూ చూసేదాన్ని. ఇద్దరం వంకాయలే ఏరుకునేవాళ్లం. నర్సయ్య డ్యూటీ దిగాక శిబిరంలో కూర్చునేవాడు. మా వంతు రోజు పొద్దున్నే మా గల్లీకి వచ్చి మా అత్తగారి మజ్జిగ తాగేవాడు. ఆయనకి ఆ రెంటికీ తేడా తెలిసేదో లేదో, నాకు మాత్రం ఆ మనిషిని చూస్తే ధైర్యంగా ఉండేది.

ఏప్రిల్లో మా అత్తగారు పోయింది. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. అంత నోరున్న మనిషి చడీ చప్పుడూ లేకుండా వెళ్లిపోవడం నాకు ఇప్పటికీ నమ్మశక్యం కాదు.

పదకొండో రోజు పెద్దకర్మ. విజయవాడ నుంచి, ఏలూరు నుంచి చుట్టాలు ముందు రోజే దిగారు. ఇల్లు కడగాలి, అందరూ తలస్నానాలు చేయాలి, అరవై మందికి వంట. రెండు ట్యాంకర్లు చెప్పుకున్నాం. ముందు రోజు సాయంత్రం బంద్ పిలుపు వచ్చింది. ట్యాంకరాయన ఫోన్ చేసి, "రేపు బండ్లు కదలయి మేడం, నన్నేం చెయ్యమంటరు," అన్నాడు. సంపులో అడుగున జానెడు నీళ్లు, అందులో సగం బురద. మావారు విశ్వేశ్వరరావు నెత్తిన తువ్వాలు వేసుకుని తల్లి ఫొటో ముందు కూలబడిపోయారు. ఆయనతో ఏం మాట్లాడను?

మర్నాడు శనివారం. పొద్దున పదకొండింటికి వీధిలో పురుగు లేదు. ఉన్న నీళ్లు వంటకే అయిపోయాయి. పురోహితుడు స్నానాల కోసం కూర్చుని ఉన్నాడు. నేను గేటు దగ్గర నిలబడి, ఎవరింట్లోనైనా రెండు బిందెలు అప్పడుగుదామా అని చూస్తున్నాను. మా గల్లీలో ఆరిళ్లు. వేసవి సెలవులకు నాలుగిళ్లకు తాళాలే. అప్పుడు నర్సయ్య వచ్చాడు, బండి లేకుండా, నడుస్తూ.

"పెద్దమ్మ దినం ఇయ్యాల్నే గదమ్మా?"

"అవును నర్సయ్యా." నాకు ఏడుపొచ్చింది. "చేయడానికి చుక్క నీళ్లు లేవు."

ఆయన రోడ్డు అటూ ఇటూ చూశాడు. "ఒంటి గంట దాటినంక మోటర్ ఏసుకోండ్రి. మీ గల్లీ చిన్న వాల్వు ఒక్కటే తెరుస్త. ఎవ్వలకు చెప్పకుండ్రి. మీ సార్‌కు గూడ చెప్పకుండ్రమ్మా, నా ఫైలు మీదున్నది."

ఒట్టు పెట్టమన్నా పెట్టేదాన్ని. చెప్పనన్నాను. ఒంటి గంట దాటాక సంపులో ధార చప్పుడు వినిపించింది. ముప్పావు గంట వచ్చాయి. ఇల్లు కడిగాం, అందరూ స్నానాలు చేశారు, అత్తగారికి జరగాల్సినవన్నీ జరిగాయి. మావారు ఏదో ఒక ట్యాంకరు వచ్చిందనుకున్నారు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు.

చుట్టాలంతా వెళ్లాక ఒకరోజు భూలక్ష్మి వచ్చింది. మెడలోంచి గుడ్డకట్టు, కుడి చేతికి మోచేతి దాకా సిమెంటు పట్టీ.

"ఏమైందే?"

"నీళ్లకు పోయి జారిన అక్కా. గా కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్నరు గద, దాని కింది బోరుకాడ. బిందెతోని ర్యాంపు మీద పడ్డ. మణికట్టు రెండు తుకడలైందన్నరు దవాఖానల."

"మరి చిటికీ?"

"చూడాలె." ఆవిడ సిమెంటు పట్టీలోంచి బయటికొచ్చిన వేళ్ల కొనల్ని చూసుకుంది. "వేళ్లు మునుపటి లెక్క వంగుతయో లేదో చెప్పలేమన్నరు."

ఎప్పుడు పడ్డావని నేను అడగలేదు. అడగాలని తోచలేదు. అత్తగారి ఫొటో వంక చూసి ఇద్దరం కాసేపు ఏడ్చాం. వెళ్లేటప్పుడు అరటిపళ్లు చేతిలో పెట్టాను. ఎడమ చేత్తో అందుకుంది.

ఆ తర్వాత రెండు వంతులు మా కాలనీకి నీళ్లు గంట రాలేదు. ఒకసారి ముప్పై అయిదు నిమిషాలు, ఇంకోసారి నలభై. కాలనీ అట్టుడికిపోయింది. మావారు కాలనీ సంఘం కార్యదర్శి. రాత ముత్యాల్లా ఉంటుందని ఏ అర్జీ అయినా ఆయన చేతే రాయిస్తారు. ఒక ఆదివారం హాల్లో కూర్చుని రాస్తుంటే వెనక నుంచి చదివాను. లైన్‌మన్ వెంకటనర్సయ్య ఉద్యమంలో పాల్గొంటూ, ప్రాంతీయ ద్వేషంతో, కాలనీవాసులకు రావాల్సిన నీటిని తనవాళ్ల బస్తీకి మళ్లిస్తున్నాడని ఉంది.

"ఇదేంటండీ? నర్సయ్య గురించా?"

"అందరూ అంటున్నది రాశాను వేదా. ప్రెసిడెంట్ పట్టాభిగారు గడియారం పట్టుకుని చూశారట. మనకి కోసింది బస్తీకి వెళ్లింది. కళ్లారా చూశారు."

"మీరు నమ్ముతున్నారా?"

ఆయన కలం మూత పెట్టారు. "నమ్మకానికేముంది. నీళ్లైతే తగ్గాయిగా."

ఆ క్షణంలో చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. మీ సార్‌కు గూడ చెప్పకుండ్రమ్మా అన్న నర్సయ్య మాట గుర్తొచ్చి మింగేశాను. నాకు కడుపులో మాట దాగదని మా పుట్టింట్లో అందరూ అంటారు. జీవితంలో ఒక్కసారి దాచాను, దాచకూడని చోట. సంతకం మాత్రం పెట్టనన్నాను. ఊళ్లో ఉన్న నలభై రెండు ఇళ్లవాళ్లూ పెట్టారు.

మే రెండో వారంలో ఇంజనీరు విచారణకు వచ్చాడు. పేరు ప్రసన్నకుమార్, చిన్నవాడే, మంచివాడిలాగే ఉన్నాడు. కాలనీ కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కరెంటు లేదు. ముందు వరసల్లో మేం, వెనక గోడ వెంబడి బస్తీవాళ్లు ఓ పాతిక మంది నిలబడ్డారు. వాళ్లలో పెద్దది సైదమ్మ, ఆమె పక్కనే గుడ్డకట్టుతో భూలక్ష్మి. మధ్యలో నర్సయ్య ఒక్కడూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

పట్టాభిగారు లేచారు. "ఇది నీళ్ల సమస్య కాదు సార్. ఇతను పొద్దున చావి తిప్పుతాడు, సాయంత్రం చౌరస్తాలో టెంట్ కింద కూర్చుంటాడు. మేం ఆంధ్రావాళ్లమని గొంతులు ఎండబెడుతున్నాడు. ఇవాళ నీళ్లు కోశాడు, రేపు ఇంకేం చేస్తాడో! ఇక్కడ న్యాయం జరక్కపోతే పోలీసులకే ఇస్తాం కంప్లయింటు."

ఇంజనీరు నర్సయ్య వైపు తిరిగాడు. "రెండు వంతులు కాలనీకి ఎందుకు తగ్గినయి నర్సయ్యా?"

"ప్రెషర్ లేకుండె సార్," అన్నాడు నర్సయ్య, తన కాళ్లు చూసుకుంటూ.

"సారూ," అంది వెనక నుంచి సైదమ్మ. "పద్నాలుగేండ్ల సంది జూస్తున్నం. మా నర్సయ్య ఒకరి నోటికాడిది గుంజి ఒకరికి పెట్టేటోడు కాదు. గట్ల జేస్తే మేమే ఊకోం."

"మీవాడు కాబట్టి అలాగే అంటారు!" పట్టాభిగారు గొంతు పెంచారు. వెనక నుంచి ఎవరో "ఏందయ్యా మీవాడు మావాడు," అన్నారు. కుర్చీలు కదిలాయి. ఇంజనీరు చేత్తో ఆగమంటూనే ఉన్నాడు. పోలీసు అన్న మాట వినగానే భూలక్ష్మి మొహం పాలిపోవడం నాకు కనిపించింది. ఇక నావల్ల కాలేదు, లేచి నిలబడ్డాను.

"అబద్ధం పట్టాభిగారూ! ఆంధ్రావాళ్లని ఎండబెట్టే మనిషైతే మా అత్తగారి పెద్దకర్మ రోజున మాకు నీళ్లెందుకు వదిలాడండీ? ట్యాంకర్లు రాలేదు, ఇంటి నిండా జనం. ఆ రోజు మన వంతు కూడా కాదు. అడక్కుండానే వచ్చి ముప్పావు గంట వదిలాడు. మేం ఆంధ్రావాళ్లం కామా? మా ఆయనే రాశాడుగా ఆ అర్జీ, ఆ నీళ్లతోనే తలస్నానం చేశాడు ఆయన!"

పట్టాభిగారు కూర్చున్నారు. గెలిచాననుకున్నాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ ఒక్క క్షణం నాకు గర్వంగా కూడా అనిపించింది. నర్సయ్య వైపు చూశాను. ఆయన కట్టుకున్న చేతుల్లోంచి ఒక చెయ్యి కాస్త పైకి లేచింది, నన్ను ఆగమంటున్నట్టు. మళ్లీ దించేశాడు.

"ఏ రోజు మేడం?" అన్నాడు ఇంజనీరు.

"శనివారం. బంద్ రోజు. ఒంటి గంట దాటాక."

ఆయన ఫైల్లోంచి వంతుల కాగితం తీశాడు. వేలు పెట్టి చూసి, కాస్త ఆగి, మళ్లీ చూశాడు. "శనివారం పన్నెండు నుంచి రెండు వరకు బస్తీ వంతు."

వెనక గోడ దగ్గర నుంచి భూలక్ష్మి గొంతు వినిపించింది. అడిగింది నన్ను కాదు, నర్సయ్యని.

"బంద్ నాడా?"

ఆయన తలెత్తలేదు. ఆవిడ తన సిమెంటు పట్టీని రెండో చేత్తో పట్టుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. అరటిపళ్లు చేతిలో పెట్టిన దాన్ని, ఎప్పుడు పడ్డావని అడగని దాన్ని. ఆ నీళ్లు ఎవరివని నర్సయ్యనీ అడగలేదు. వచ్చాయి, పట్టుకున్నాను. ముప్పావు గంట ముందే నల్లా ఆగిపోతే, ట్యాంకర్లు లేని రోజున, బస్తీలో ఆడవాళ్లు ఎటు వెళ్లి ఉంటారు?

"చెప్పు నర్సయ్యా," అన్నాడు ఇంజనీరు.

"నిజమే సార్. బస్తీది ముప్పావు గంట ముందుగాల్నే కట్టేసిన. కట్టేసింది మల్ల బస్తీకే ఇచ్చిన సార్, రెండు వంతులల్ల కాలనీది తగ్గించి. గందుకే తగ్గినయి. నా ఇంట్లకు ఒక్క చుక్క పట్టలే."

"పైసలు తీసుకున్నవా?"

"లేదు సార్."

"మరెందుకు చేసినవ్?"

"పెద్దమ్మ మజ్జిగ పోసేది సార్," అన్నాడు నర్సయ్య.

ముందు వరసలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఇంజనీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది రాయక తప్పదు నాకు. ఇంతమంది ముందు ఒప్పుకున్నవ్. రేపు చావి ఆఫీసుల ఇచ్చెయ్," అన్నాడు మెల్లగా. ఆయనా నా వైపు చూడలేదు.

బస్తీవాళ్లు ఒక్కొక్కరే బయటికి నడిచారు. సైదమ్మ నర్సయ్య దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "మన నీళ్లు మనకు గావాలెనని గాడ టెంట్ కింద కూసుంటివి గద బిడ్డా," అంది అంతే. భూలక్ష్మి అప్పటికే గేటు దాటేసింది. నర్సయ్య ఆవిడ వెనక నడవలేదు. అక్కడే నిలబడ్డాడు, మేమంతా వెళ్లేదాకా.

ఇంటికొచ్చాక మావారు చొక్కా కూడా విప్పలేదు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

"ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"నాకు కూడానా?"

"మీకు కూడా."

"చెప్పి ఉంటే నేను ఆ కాగితం రాసేవాణ్ణా వేదా?" ముప్పై ఏళ్ల కాపురంలో నా మీద అరవని మనిషి ఆ రోజూ అరవలేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం ఇంట్లో ఉండిపోయింది. అన్నం పెట్టేటప్పుడు, పక్క వేసేటప్పుడు, ఇద్దరి మధ్యా అది ఉండేది. ఆయన నీళ్ల ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగారు, అర్జీ వెనక్కి తీసుకుంటామని. అర్జీ మీద చర్య తీసుకోలేదని, మనిషి తన నోటితో ఒప్పుకున్నదాని మీద తీసుకున్నామని చెప్పి పంపేశారు. సంఘం రిజిస్టరూ, రబ్బరు స్టాంపూ పట్టాభిగారి ఇంట్లో ఇచ్చేసి వచ్చారు. తర్వాత ఎవరికీ అర్జీ రాసిపెట్టలేదు.

ఆ వారంలోనే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి వస్తుంటే ఎల్.బి.నగర్ చౌరస్తాలో బస్సు ఆగింది. కిటికీలోంచి శిబిరం కనిపించింది. నర్సయ్య టెంటు బయట, ఎండలో నిలబడి ఉన్నాడు. లోపల తన బస్తీవాళ్లే, తివాచీ మీద. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ జరిగి చోటూ ఇవ్వలేదు. కాసేపు నిలబడి, బండి తీసుకుని వెళ్లిపోయాడు. బస్సులో ఎవరో "అమ్మా, దిగుతారా, దిగరా?" అని అడిగేదాకా నేను నా స్టాపు దాటిపోయానని కూడా తెలియలేదు.

కొత్త లైన్‌మన్ వచ్చాడు. కాగితం చూసి తిప్పుతాడు, గడియారం చూసి కట్టేస్తాడు. మాకు గంటకు గంట నీళ్లు వస్తున్నాయి. కాలనీలో అందరూ సంతోషించారు. నేను మాత్రం మోటారు వేసినంతసేపూ దాని పక్కనుంచి కదిలేదాన్ని కాదు.

నాలుగుసార్లు బస్తీకి బయల్దేరి నాలుగుసార్లూ సగం దారిలోంచి వెనక్కొచ్చాను. చివరికి జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం భూలక్ష్మే వచ్చింది. సిమెంటు పట్టీ తీసేశారు. చెయ్యి సన్నబడిపోయి, వేళ్లు సగానికి వంగి ఉన్నాయి. ఎప్పుడూ కూర్చునే మెట్టు మీదే కూర్చుంది.

"పోచంపల్లి పోతున్నం అక్కా. మా మరిది ఇంట్ల ఇంకో మగ్గం ఖాళీగ ఉన్నది. చెప్పిపోదామని ఒచ్చిన."

"భూలక్ష్మీ, నేను..." ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాను. నిజంగానే పట్టుకోబోయాను. ఆవిడ చప్పున కాళ్లు వెనక్కి తీసుకుంది.

"గట్ల చెయ్యకు. నువ్వు నిజమే చెప్పినవ్, గాయన మంచికే చెప్పినవ్. నీ తప్పేమున్నది అందుల." వంగిపోయిన వేళ్లని ఎడమ చేత్తో నిమురుకుంది. "పని పోయింది, ఇంకోటి దొరుకుతది. చెయ్యి గూడ మెల్లగ అయితది. గని గాయన నాకెందుకు చెప్పలే అక్కా? దవాఖానల కట్టు కట్టేటప్పుడు పక్కన్నే నిలబడ్డడు. నల్లా ఎందుకు బందయిందయ్యా అంటే ప్రెషర్ పోయిందన్నడు. నా కండ్లల్ల చూసి అన్నడు. పెద్దమ్మ దినానికి నీళ్లు లెవ్వంట అని ఒక్క మాట చెప్తే, పో, తిప్పు అని నేనే అందును గద! పెద్దమ్మ నాకు మాత్రం పొయ్యలేదా మజ్జిగ? ఇరవై రెండేండ్లు సంసారం జేసి, నన్ను గంత చిన్న మనసు దాన్ననుకున్నడా?"

మా ఇంట్లో ఇంకో మనిషి ఇదే మాట నన్ను అడిగి నెల కావస్తోంది.

భూలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుంది. కళ్లలో నీళ్లు లేవు. ఆ విచారణ రోజు నుంచీ ఆవిడ ఏడవలేదని బస్తీ అంతా చెప్పుకున్నారు.

"ఒక్కటి అడుగుత. నువ్వైతే అబద్ధం ఆడవు."

"అడుగు."

"గా దినం ఒచ్చిన నీళ్లు... పెద్దమ్మకు మొత్తం పనికొచ్చినయా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంతసేపూ మీకు చెప్పలేదు, ఆ రోజు నుంచి ఎవరికీ చెప్పలేదు. ఆ శనివారం మోటారు వేసి, మొదట నాలుగు డ్రమ్ములు నింపి, మేడ మీది ట్యాంకుకి తిప్పాను. ఇంతలో పిండాల దగ్గరికి కోడల్ని పిలవమని పురోహితుడు కేకేశాడు. వెళ్లి కూర్చున్నాను. మోటారు సంగతి మర్చిపోయాను. ఎవరో వచ్చి చెవిలో చెప్తే పెరట్లోకి పరిగెత్తాను. ట్యాంకు నిండిపోయి, నీళ్లు వెనక గోడ మీదుగా జారి, తులసికోట చుట్టూ తిరిగి, గచ్చు దాటి మోరీలోకి పారుతున్నాయి. ఎంతసేపటి నుంచో తెలియదు. పావుగంట ఉంటుంది, ఇంకా ఎక్కువే ఉంటుందేమో. మోటారు కట్టేసి, ఇంకెవరైనా చూస్తారని చీపురు తీసుకుని, గచ్చు మీద మిగిలిన నీళ్లు కూడా నా చేత్తో మోరీలోకి తోసేశాను. సరిగ్గా అదే వేళకి భూలక్ష్మి బిందె పట్టుకుని ఆ ర్యాంపు దిగి ఉంటుంది.

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"ఒక్క చుక్క కూడా వృథా పోలేదు భూలక్ష్మీ," అన్నాను.

"గంతే చాలక్కా," అంది. అని, ఆ సగం వంగిన వేళ్లతో నా చెయ్యి పట్టుకుని, అప్పుడు ఏడ్చింది.